శాస్త్రం - జీవితం: అరచేతి క్యాసెట్టు

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు. గత వేసవిలో ఒకనాటి సాయంకాలం ఆయన పాత బిస్కెట్ల డబ్బా ఒకటి పట్టుకొని మా ఇంటికి వచ్చారు. మూత తీసి చూపితే అందులో తొమ్మిది చిన్న క్యాసెట్లు ఉన్నవి. ఒక్కొక్కటి అగ్గిపెట్టెకన్న కొంచెం పెద్దది. 2004లో వారి కుమార్తె వివాహం నాడు తీసిన వీడియో టేపులవి.

"పెళ్ళి సీడీ మా ఇంట్లో ఉన్నదండీ. కాని స్టూడియో వారు కత్తిరించి కూర్చినప్పుడు అప్పగింతల వేళ మా అమ్మ పాడిన పాట తీసివేశారు. అది ఈ టేపులలోనే మిగిలి ఉన్నది. అమ్మ పోయి పదేళ్ళు దాటినది. పాట ఉన్నది, వినిపించే యంత్రమే దొరకడం లేదు" అన్నారాయన.

ఈ చిక్కు మాస్టారు ఒక్కరిదే కాదు. ఈ దేశంలో లెక్కలేనన్ని కుటుంబాల అటకల మీద, బీరువాలలో ఇటువంటి డబ్బాలు ఉన్నవి. కనుక ఈ చిన్న టేపు సంగతి, దానిని నింపిన కెమెరా సంగతి పాఠకులు తెలుసుకొనడం అవసరం.

పూర్వం వీడియో చిత్రీకరణలో రెండు తరగతులు ఉండేవి. టెలివిజన్ సంస్థల వారు భుజాన మోసే బరువైన కెమెరాలు వాడేవారు. వాటి ఖరీదు సామాన్యునికి అందేది కాదు. ఇళ్ళలో వాడే వి.హెచ్.ఎస్. కెమెరాలు చవకే గాని, వాటి బొమ్మలో స్పష్టత తక్కువ. ఈ రెండింటి నడుమ గల అగాధాన్ని పూడ్చినది డి.వి. అనే డిజిటల్ టేపు పద్ధతి. 1995లో సోనీ సంస్థ వి.ఎక్స్.1000 అనే కెమెరాను విడుదల చేసినది. బరువు సుమారు కిలోన్నర. కాంతిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగును ఒక్కొక్క గ్రాహక ఫలకంపై పట్టే మూడు సి.సి.డి.ల ఏర్పాటు అందులో ఉన్నది. అంతవరకు ఆ ఏర్పాటు ముఖ్యంగా వృత్తి నిపుణుల కెమెరాలకే పరిమితమై ఉండేది. ఆ తరువాత కానన్ ఎక్స్.ఎల్.1, సోనీ పి.డి.150, పి.డి.170, పానసోనిక్ డి.వి.ఎక్స్.100 మొదలైనవి వచ్చినవి. మన పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫర్ల చేతులలోను, జిల్లా వార్తలు పంపే విలేకరుల చేతులలోను కనిపించినవి ఈ కోవకు చెందిన కెమెరాలే.

లోపల జరిగే పని విస్మయం గొలుపుతుంది. టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు మాత్రమే. అది సెకనుకు రెండు సెంటీమీటర్లకన్న తక్కువ వేగంతో మెల్లగా కదులుతుంది. కాని దానిని ఆనుకొని తిరిగే చిన్న డోలు నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంది. ఆ డోలుకు అమర్చిన రెండు హెడ్లు టేపుపై ఏటవాలుగా గీతలు గీస్తూ పోతవి. మన దేశంలో వాడే పాల్ విధానంలో సెకనుకు 25 బొమ్మలు, ఒక్కొక్క బొమ్మకు 12 గీతలు, వెరసి సెకనుకు 300 గీతలు. ఒక్కొక్క గీత వెడల్పు పది మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో నూరవ వంతు. బొమ్మలోని సమాచారాన్ని ఐదవ వంతుకు కుదించి, సెకనుకు రెండున్నర కోట్ల బిట్ల చొప్పున ఈ గీతలలో నింపుతారు. ఒక గంట టేపులో సుమారు 13 గిగాబైట్ల సమాచారం ఇముడుతుంది.

యంత్రం చిన్నదయ్యేసరికి దానిని పట్టుకొనే చేతులు మారినవి. 2002లో విడుదలైన '28 డేస్ లేటర్' అనే బ్రిటిష్ చిత్రాన్ని దర్శకుడు డానీ బాయిల్ అధిక భాగం ఎక్స్.ఎల్.1 కెమెరాలతో తీశారు. నిర్మానుష్యమైన లండన్ వీధులను చూపడానికి తెల్లవారుజామున కొద్ది నిమిషాల వ్యవధి మాత్రమే లభించేది. బరువైన సినిమా కెమెరాలను అంత త్వరగా నిలిపి, తీసి, మార్చడం కష్టం.

మన ప్రాంతంలోనూ చిన్న కెమెరా కొత్త చేతులకు అందినది. జహీరాబాద్ సమీపాన పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళా రైతులు వీడియో చిత్రీకరణ నేర్చుకొన్నారు. వీరిలో చదువు రాని వారు ఉన్నారు. వరంగల్ జిల్లాలో బి.టి. పత్తి వేసిన రైతుల అనుభవాలను వారు 2003లో చిత్రంగా తీశారు. ఎదుటి మనిషి కళ్ళకు సమానమైన ఎత్తున కెమెరా నిలిపి తీసే దృశ్యానికి వారు పెట్టుకొన్న పేరు 'సంఘం షాట్'. సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు గనుక ఆ పేరు. కెమెరా ఎవరి చేతిలో ఉన్నదో, ఏ ఎత్తున ఉన్నదో అన్నది ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్న మంచి మాట లేదు.

డిజిటల్ టేపుకు మరొక గుణం కలదు. వి.హెచ్.ఎస్. టేపుకు నకలు తీస్తే బొమ్మ కొంత మసకబారేది. నకలుకు నకలు తీస్తే మరింత. డి.వి. టేపులో ఉన్నవి అంకెలు గనుక, ఫైర్‌వైర్ అనే తీగ ద్వారా కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు అసలుకు, నకలుకు తేడా ఉండదు. కాని ఆ అంకెలను చదవడానికి ఆడే యంత్రం ఉండాలి. మెమరీ కార్డులు వచ్చిన తరువాత టేపు కెమెరాలు మూలపడినవి. రబ్బరు భాగాలు జిగురెక్కినవి. విడిభాగాలు దొరకడం లేదు. కొత్త కంప్యూటర్లలో ఫైర్‌వైర్ ద్వారమే కనిపించదు. కనుక టేపు చెడుతుందన్న భయంకన్న, టేపును చదివే సాధనం కనుమరుగవుతుందన్న భయమే ఎక్కువ.

ఇంట్లో ఇటువంటి క్యాసెట్లు ఉన్నవారు కొన్ని జాగ్రత్తలు తీసుకొనాలి. మొదట బూజు పట్టినదేమో పరిశీలించాలి. బూజు ఉన్న టేపును కెమెరాలో పెట్టరాదు. అది హెడ్లను, ఆపైన ఇతర టేపులను కూడా పాడు చేస్తుంది. క్యాసెట్టు అంచున గల చిన్న మీటను 'సేవ్' వైపు జరిపితే పొరపాటున దానిపై మరొకటి రికార్డు కాదు. టేపును ఒకసారి చివరిదాకా తిప్పి వెనుకకు చుట్టిన తరువాత ఆడించడం మేలు. టేపు తీసిన కెమెరాయే దొరికితే శ్రేష్ఠం. ఎక్కువ నిడివి కోసం నెమ్మది వేగంతో తీసిన టేపులు వేరొక కెమెరాలో సరిగా ఆడకపోవచ్చును. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది. అందులో తొందరకు తావు లేదు. వచ్చిన ఫైలును కుదించక యథాతథంగా దాచి, ఫోనులో చూచుకొనడానికి వేరుగా చిన్న నకలు చేసుకొనాలి. అసలు ఫైలు రెండు డిస్కులలో, రెండు ఇళ్ళలో ఉంటే నిశ్చింత. నూరు టేపులైనా రెండు టెరాబైట్ల డిస్కు ఒక్కదానిలో ఇముడుతవి.

మాస్టారి పెళ్ళి తీసిన వారు కెమెరా ఏనాడో అమ్మివేశారు. నాలుగు చోట్ల విచారించగా పొరుగూరిలో ఒక పాత వీడియోగ్రాఫర్ తన కెమెరాను గుడ్డలో చుట్టి భద్రంగా ఉంచారని తెలిసినది. ఆయన వద్దే పాత కంప్యూటరు కూడా ఉన్నది. ఆరు టేపులు సాఫీగా ఎక్కినవి. ఏడవ దానిలో బొమ్మ అక్కడక్కడ చతురపు ముక్కలుగా విరిగినది. సరిగ్గా అప్పగింతల ఘట్టం అదే. ముసలమ్మ ముఖం రెండు మూడు మార్లు చెదిరినది, కాని గొంతు చెదరలేదు. నాలుగు నిమిషాల పాట చివరిదాకా వినిపించినది.

మాస్టారు ఏమీ అనలేదు. కండువాతో కళ్ళద్దాలు తుడుచుకొని, "మిగిలిన రెండూ కూడా పెట్టండి" అన్నారు.

పాఠకులు తమ ఇంటి అటక ఒకసారి దింపి చూచుకొనవలెను. టేపు మరికొన్నేళ్ళు ఆగవచ్చును. ఆ పొరుగూరి కెమెరా అంతకాలం ఆగుతుందని చెప్పలేము.