ఓటేసి చేతులు దులుపుకున్న ఊళ్ళు

ఓటు వేయడంలో మన నందిగామ, జగ్గయ్యపేట మెట్టను ఎవరూ వేలెత్తి చూపలేరు. 2024 మే 11, 12 తేదీల్లో హైదరాబాద్–విజయవాడ రహదారిని చూసినవాళ్ళకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎల్బీనగర్‌లో బస్సు దొరకనివాళ్ళు నలుగురూ కలిసి కారు మాట్లాడుకున్నారు. కారూ దొరకనివాళ్ళు పెళ్ళాం బిడ్డలను బండి మీద ఎక్కించుకుని బయల్దేరారు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ఆగి, కీసర టోల్‌గేటు దగ్గర మళ్ళీ ఆగి, అర్ధరాత్రులు ఇళ్ళకు చేరారు. పోలింగు నాడు, 13న, పొద్దున ఏడింటికల్లా నందిగామలో, జగ్గయ్యపేటలో, వత్సవాయిలో, చందర్లపాడులో బడుల ముందు బారులు తీరారు. మే నెల ఎండ మన దగ్గర ఎట్లా కాస్తుందో తెలిసి కూడా ఎవరూ వెనక్కి పోలేదు. నడవలేని ముసలివాళ్ళను చేతుల మీద మోసుకొచ్చారు. రాష్ట్రం మొత్తం మీద 81.86 శాతం పోలింగ్ జరిగితే, మన రెండు నియోజకవర్గాలు ఆ సగటును దాటేశాయి.

కాబట్టి నా కోపం ఓటు వేయనివాళ్ళ మీద కాదు. వేసిన మన మీద.

ఆ బండ్లన్నీ వచ్చిన దారిలోనే ఐతవరం ఉంది. 2023 జూలై ఆఖరులో అక్కడ మున్నేరు పొంగి జాతీయ రహదారి మీదికి వచ్చింది. హైదరాబాద్‌కూ విజయవాడకూ రాకపోకలు తెగిపోయాయి. బస్సులు, లారీలు, అంబులెన్సులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. మరుసటి మేలో, పది నెలలు తిరక్కుండానే, వేలమంది అదే రోడ్డు మీద ఓటు వేయడానికి వచ్చారు. ఈ రోడ్డు మళ్ళీ మునిగితే ఏం చేస్తారని ఒక్క అభ్యర్థిని గట్టిగా నిలదీసిన మాట నేను ఏ ప్రచార సభలోనూ వినలేదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు మళ్ళీ అక్కడికే వచ్చింది. మళ్ళీ రోడ్డు తెగింది. ఒక వరదకూ ఇంకో వరదకూ నడుమ నిండు ఎన్నికలు జరిగాయి. అడగాల్సిన సమయం అదే. ఆ సమయమంతా జెండాలు మోయడానికే సరిపోయింది.

మార్చి 16న షెడ్యూలు వచ్చింది మొదలు మే 13 దాకా దాదాపు రెండు నెలలు మన ఊళ్ళు ఎట్లా బతికాయో గుర్తు చేసుకోండి. తెల్లారకముందే ఆటోల మీద మైకులు. బైకు ర్యాలీలకు పెట్రోలు, మధ్యాహ్నానికి బిర్యానీ పొట్లం, సాయంత్రానికి సీసా. సెంటర్లలో ఫ్లెక్సీలు ఎంత దట్టంగా కట్టారంటే అవతలి నుంచి వచ్చే లారీ కనిపించేది కాదు. అన్నదమ్ములు పార్టీల పేరుతో మాటలు మానేశారు. వాట్సాప్ గ్రూపుల్లో ఆడవాళ్ళ మీద రాయరాని రాతలు రాసినవాడిని మందలించిన పెద్దమనిషి లేడు. పందేలైతే చెప్పనే అక్కర్లేదు. ఎవరు గెలుస్తారన్న దాని మీదే కాదు, మెజారిటీ ఎన్ని వేలన్న దాని మీద కూడా లక్షలు కాశారు. తమ ఊరి పోలింగ్ బూత్‌లో ఏ ఇంట్లో ఎన్ని ఓట్లు ఎటు పడతాయో వేళ్ళ మీద లెక్క చెప్పగలిగిన కుర్రాళ్ళను చూశాను. చురుకైన పిల్లలు. వాళ్ళలో ఒక కుర్రాడిని మీ ఊరి పంచాయతీకి ఏడాదికి ఎంత వస్తుంది, దేనికి ఖర్చవుతుంది అని అడిగితే తెలియదన్నాడు. తెలుసుకోవాల్సిన పనేముంది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది ఆ మాటకే.

పోలింగుకు నాలుగు రోజుల ముందు, మే 9న, జగ్గయ్యపేట దాటాక రాష్ట్ర సరిహద్దున ఉన్న గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పైపుల లోడుతో వస్తున్న లారీని పోలీసులు ఆపారు. లోపల రహస్యంగా చేయించిన అర ఉంది. అందులో 8 కోట్ల రూపాయల నగదు దొరికింది. మన గడపలోనే దొరికింది. ఆ సాయంత్రం ఊళ్ళో చర్చ దేని మీద జరిగింది? అది ఏ పార్టీ డబ్బు, ఎక్కడికి పోతోంది, పట్టుకోని లారీలు ఎన్ని, మన వార్డుకు ఎప్పుడొస్తుంది. ఇంత డబ్బు పెట్టేవాడు దాన్ని ఎవరి దగ్గర తిరిగి రాబట్టుకుంటాడు అన్న ప్రశ్న రాలేదు. పక్క వీధికి ఎక్కువిచ్చి మనకు తక్కువిచ్చారని రోషం వచ్చింది. మున్నేటి ఇసుక రాత్రిళ్ళు లారీల్లో తరలిపోతుంటే ఆ రోషం ఏమైంది?

జూన్ 4న ఫలితాలు వచ్చాయి. రెండు చోట్లా అప్పటి ఎమ్మెల్యేలు ఓడారు, వాళ్ళ ప్రత్యర్థులు గెలిచారు. టపాకాయలు కాల్చారు, రంగులు చల్లుకున్నారు, డీజేలు పెట్టారు. సంతోషపడటాన్ని నేను తప్పు పట్టను. అప్పటికి నెల తిరిగిందో లేదో, జూలై 7 ఆదివారం నాడు, జగ్గయ్యపేట పక్కన బూదవాడ సిమెంటు ఫ్యాక్టరీలో ప్రీహీటర్ దగ్గర ప్రమాదం జరిగింది. కణకణలాడే ముడిపదార్థం పనిచేస్తున్నవాళ్ళ మీద పడింది. పదిమందికి పైగా కాలిపోయారు. వాళ్ళలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ ఉన్నారు, ఉత్తరాది నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. ప్రాణాలు పోయాయి. ఆ రోజు బాధితుల మనుషులు ఫ్యాక్టరీలోకి దూసుకెళ్ళి నిలదీశారు. వాళ్ళ కడుపు మంట అది. మరి రెండు నెలలు జెండాలు పట్టుకుని ఊరేగిన వేలమంది ఏమయ్యారు? విజయోత్సవానికి వందల బండ్లు తీసిన ఊళ్ళు, కాలిపోయిన కూలీల కోసం ఎన్ని తీశాయి? ఆ ప్రీహీటర్‌ను అంతకు ముందు ఎవరు ఎప్పుడు తనిఖీ చేశారు, ఆ కాగితం ఎక్కడుంది అని అడిగే పని బాధితుల బంధువులకే వదిలేశాం. సున్నపురాయి మన నేలది, దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చచ్చేది మన మనుషులు, మనల్ని నమ్ముకుని వచ్చిన పరాయి బిడ్డలు. అడగడం మాత్రం ఇంకెవరి పనో!

ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఆ సభలకు రికార్డు సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఉపాధి హామీ కింద ఏ పనులు చేయాలో ఊరే కూర్చుని తీర్మానించుకునే రోజది. పూడిక తీయాల్సిన వాగు, గట్టు తెగిన చెరువు, నీరు నిలిచే వీధి, ఇవన్నీ చెప్పుకోవాల్సిన చోటు అదే. మన ఊళ్ళో ఆ సభకు ఎంతమంది వెళ్ళారో ఎవరికి వాళ్ళే గుర్తు చేసుకోండి. వేదిక ముందు ఫొటో దిగి వచ్చేసినవాళ్ళను లెక్కలోంచి తీసేయండి.

అది జరిగిన ఎనిమిది రోజులకు వాన మొదలైంది. జగ్గయ్యపేట వీధులు మునిగాయి. పెనుగంచిప్రోలులో మున్నేరు ఊరి మీదికి వచ్చింది. ఖమ్మం నుంచి వచ్చే మున్నేటిలో కీసర దగ్గరకొచ్చేసరికి వైరా, కట్టలేరు నీళ్ళు కూడా కలుస్తాయి. కింద కృష్ణ నిండుగా ఉంటే ఆ నీరు పోయేందుకు దారి ఉండదు, వెనక్కి తంతుంది. ఈసారి ప్రకాశం బరాజ్ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బరాజ్ చరిత్రలోనే అంత నీరు ఎప్పుడూ రాలేదు. ఆ వానను ఎవరూ ఆపలేరు, నిజమే. కానీ నీటి దారిలో కట్టిన కట్టడాలు, నదిలో తవ్విన గుంతలు, ఏళ్ళ తరబడి పూడిక తీయని మురుగుకాలువలు వాన తెచ్చినవి కావు. బెజవాడలో బుడమేరు మునకను దేశమంతా చూసింది. మన మెట్ట మునిగింది ఎవరికీ పట్టలేదని వాపోయాం. మనకే పట్టనప్పుడు ఢిల్లీకి ఎందుకు పడుతుంది?

పొలాల్లో పత్తి కుళ్ళింది, మిరపనారు కొట్టుకుపోయింది. రెండు నెలలకు అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. నందిగామ గాంధీ సెంటర్లో టీ తాగుతూ, గెలుపుకు 270 ఎలక్టోరల్ ఓట్లు కావాలని, పెన్సిల్వేనియాలో 19 ఉన్నాయని మనవాళ్ళు తడుముకోకుండా చెప్పారు. ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరులో పూజలు చేశారని టీవీల్లో చూసి మురిశారు. డాలస్‌లో కొడుకు, న్యూజెర్సీలో కూతురు ఉన్న ఇంట్లో ట్రంప్ గెలిస్తే వీసా ఏమవుతుందోనన్న బెంగ ఉంటుంది. ఆ బెంగ న్యాయమైనదే. కన్నవాళ్ళ గుండె అక్కడే ఉంటుంది. కానీ అదే బల్ల మీద కూర్చున్న కౌలురైతు సంగతి ఆ బల్ల మీద ఎందుకు రాలేదు? అతను సాగుదారు హక్కు పత్రం తీసుకోవాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం కావాలి. ఆ యజమాని చాలాచోట్ల హైదరాబాద్‌లో ఉంటాడు, లేకపోతే అమెరికాలోనే ఉంటాడు. ఓటు వేయడానికి రెండువందల కిలోమీటర్లు వచ్చిన మనిషి, తన పొలం దున్నేవాడి కాగితం మీద సంతకం పెట్టడానికి భయపడతాడు. పెట్టుబడి పెట్టినవాడు, పంట పోయినవాడు, తానే రైతునని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. ఇందులో ప్రభుత్వాన్ని తిట్టడానికి ఎంత ఉందో, మన ముఖం మనం చూసుకోవడానికి అంతకంటే ఎక్కువ ఉంది.

సాగునీటి దగ్గరా మన తీరు ఇంతే. వేదాద్రి ఎత్తిపోతల పథకానికి 2020 ఆగస్టు 28న శంకుస్థాపన చేశారు. దాదాపు 490 కోట్ల అంచనా, 38 వేల ఎకరాలకు పైగా నీళ్ళన్నారు. సాగర్ ఎడమ కాలువ చివర నీటి కోసం ఎదురుచూసే పొలాలకు కృష్ణ నీళ్ళు ఎక్కిస్తామన్నారు. 2024 ఎన్నికల నాటికి ఆ నీళ్ళు పొలాల్లోకి రాలేదు. ఒక పార్టీవాళ్ళు రాయి వేశామని చెప్పుకున్నారు, ఇంకో పార్టీవాళ్ళు రాయే మిగిలిందని ఎగతాళి చేశారు. ఇద్దరికీ చప్పట్లు కొట్టింది మనమే. ఆ పొలాలవాళ్ళు కూడా ఎవరి పార్టీ సభలో వాళ్ళు కొట్టారు.

మున్సిపాలిటీల సంగతీ ఇదే. 2021 మార్చిలో నందిగామలో ఒక గుర్తు మీద గెలిచి మెజారిటీ తెచ్చుకున్న కౌన్సిల్, 2025 ఫిబ్రవరిలో ఎదుటి పార్టీ మనిషిని చైర్‌పర్సన్‌గా ఎన్నుకుంది. ఓటు వేసిన వార్డువాళ్ళను ఆ కౌన్సిలర్లు ఒక్క మాట అడిగారా? అడగలేదు. పోనీ వార్డువాళ్ళైనా ఎందుకు మారావని ఇంటికెళ్ళి అడిగారా? అదీ లేదు. అందరూ అంతే కదా అన్నారు. మన ఓటును మన కళ్ళముందే అటు నుంచి ఇటు మార్చుకుంటే, పార్టీ కోసం తలలు పగలగొట్టుకునే ఊరికి చీమ కుట్టినట్టయినా లేదు.

2021లో గెలిచిన పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ఐదేళ్ళ గడువు 2026 వరకే. మైకులు మళ్ళీ వస్తాయి. మీ గడప తొక్కినవాడిని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి, ఆ తర్వాత అడగండి. వాన పడితే మా వీధి నీరు ఎటు పోవాలి? ఈ ఐదేళ్ళలో కాలువల పూడికకు ఎంత ఖర్చు పెట్టారు, బిల్లులు చూపిస్తావా? ఐతవరం దగ్గర రోడ్డు ఎత్తు పెంచమని కౌన్సిల్‌లో తీర్మానం పెడతావా? ఫ్యాక్టరీల తనిఖీ నివేదికలు ఊరి నోటీసు బోర్డు మీద పెట్టమని పంచాయతీ తరఫున రాస్తావా? గెలిచాక గుర్తు మారిస్తే రాజీనామా చేస్తావా? నోటితో చెప్తే సరిపోదు, కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే ఆ పూట అతని ర్యాలీకి బండి తీయకండి.