డీజేకి డబ్బుంది, అవ్వ పాటకు లేదా?



పోయిన మీటింగులో మేము ఒక మాట అడిగాం. మార్కండేయ జయంతి ఊరేగింపులో డీజేకి పెట్టే డబ్బులో సగం తీసి, పద్మానగర్, కామత్‌ఘర్‌లలోని మన ముసలివాళ్ళ పాటలు రికార్డు చేయిద్దాం అన్నాం. ఒక తమ్ముడు నవ్వి, "అన్నా, అన్నీ యూట్యూబులో ఉన్నాయి కదా" అన్నాడు. అప్పుడు జవాబు చెప్పే టైము దొరకలేదు. ఇక్కడ చెప్తున్నాం.

తమ్ముడూ, యూట్యూబులో ఎవరో ఒకరు పెట్టిందే ఉంటుంది. ఎవరూ పెట్టనిది ఎక్కడ దొరుకుతుంది?

గ్రియర్సన్ దొర భారత భాషల సర్వే చేశాడు. 1906లో వచ్చిన నాలుగో సంపుటంలో చాందా జిల్లా నేతగాళ్ళ తెలుగుకు 'సాలేవారి' అని, బొంబాయి చుట్టుపక్కల తెలుగుకు 'కామాఠీ' అని పేర్లు పెట్టి రాశారు. అంటే మహారాష్ట్రలో మన మాట నూరేళ్ళ కిందే లెక్కలోకి ఎక్కింది. ఆ సర్వే కోసమే 1913 నుంచి 1929 దాకా గ్రామఫోన్ రికార్డులు కూడా చేశారు. మిగిలి ఉన్న తొలినాటి తెలుగు గొంతుల్లో కొన్ని వాటిలో ఉన్నాయి. ఇప్పుడవి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చికాగో యూనివర్సిటీ వాళ్ళు నెట్‌లో పెట్టారు, వినండి.

వాటిలో ఏం చెప్పించారు? ఎక్కువగా బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథ. దానితోపాటు ఒక పాటో, కథో. దొర పని భాషలను పోల్చడం, కాబట్టి అందరి చేత ఒకే కథ చెప్పించాడు. ఆయన తప్పేం లేదు. కానీ రికార్డు చేసేవాడు తనకు కావలసిందే అడుగుతాడు. మనకు కావలసింది మనమే అడగాలి.

ఐర్లాండ్ నుంచి న్యూయార్క్ పోయినవాళ్ళు అలా అడిగారు. అక్కడ ఎలెన్ ఓబర్న్ డివిట్ అని ఒకావిడ దుకాణం నడిపేది. గిరాకీలు మా ఊరి పాటల రికార్డులు కావాలని అడిగేవాళ్ళు. 1916లో ఆమె కొలంబియా కంపెనీకి పోయి, మీరు రికార్డు చేయండి, 500 కాపీలు నేను కొంటాను అంది. కొడుకును పంపి వాయించేవాళ్ళను వెతికించింది. ఎడ్డీ హెర్బోర్న్ అకార్డియన్, వీలర్ బాంజో వాయించారు. కాపీలన్నీ అమ్ముడుపోయాయి. పొట్టకూటికి వలస పోయినవాళ్ళే అంత పని చేశారు. మనమూ వలస వచ్చినవాళ్ళమే కదా!

మన కూనపులివాళ్ళు పటం విప్పి భావనాఋషి కథ పాడతారు. చేర్యాల పటానికి జీఐ గుర్తింపు వచ్చింది, మంచిదే. మరి ఆ పటం ముందు నిలబడి పాడే గొంతు సంగతి ఎవరు చూస్తారు?

సాంచాలు మూతపడుతుంటే పాటల గోల ఏంటి అని కొందరు అంటారు. సాంచాలు మూతపడుతున్నాయి కాబట్టే అంటున్నాం. పని లేక ఊరు వదిలిన ప్రతి ఇంటితో ఒక అవ్వ కూడా పోతుంది.

మా చదువు తమిళంలో సాగింది. బడిలో తెలుగు అక్షరం చూడలేదు. రైల్వే ఉద్యోగంలో చేరాక స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నాం. అంతకుముందు మాకున్న తెలుగంతా మా అవ్వ నోటి నుంచి విన్నదే. ఇక్కడ మన పిల్లలు మరాఠీలో, ఇంగ్లీషులో చదువుతున్నారు. వాళ్ళు తెలుగు పుస్తకం చదవలేరు, కానీ వినగలరు.

పెద్ద ఖర్చు లేదు. మంచి మైకు ఒకటి, ఓపికున్న పిల్లలు ఇద్దరు చాలు. సాంచాలు ఆగిన రోజు చూసుకుని, అడిగి, ఒప్పుకున్నవాళ్ళ దగ్గరికే పోదాం. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకుంది. మన అవ్వలు కూడా పేరు, పుట్టిన ఊరు, భివండీకి వచ్చిన సంవత్సరం చెప్పి పాట ఎత్తుకోవాలి. కాపీలు మూడు చోట్ల పెడదాం.

వచ్చే మీటింగులో ఇదే మాట మళ్ళీ అడుగుతాం. కాదనేవాళ్ళు ముందు ఇంటికి పోయి, మీ అవ్వకు ఎన్ని బతుకమ్మ పాటలు వచ్చో లెక్కపెట్టి రండి.