చెఱువుసేవ వెట్టి కారాదు

తిరువూరు సీమ మెట్టప్రాంతము. నాగార్జునసాగరపు టెడమకాలువ యిచ్చటికి వచ్చునప్పటికి కాలువ చివర యగును. చివరిభూములకు నీరందుట యెంత కష్టమో రైతులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. కావున పడిన వానను పడినచోటనే నిలుపుకొనుట యీ సీమకు ప్రాణావసరము. వాలుభూములకు గట్లు వేయుటకును, వాగులకు రాతికట్టలు కట్టుటకును, చెఱువుల పూడిక తీయుటకును గ్రామగ్రామమున సేవాదళము లేర్పడవలెనని మేమును కోరుచున్నాము. కాని శ్రమ యెవరిది, ఫల మెవరిది యను ప్రశ్న ముందుగ తేలవలెను.

పూర్వులు తటాకమును సప్తసంతానములలో నొకటిగ నెంచిరి. కడప మండలమందలి పోరుమామిళ్ల శాసనము (1369) చెఱువునకు పండ్రెండంగములను, ఆఱు దోషములను లెక్కించినది. చెఱువుపని యప్పుడు ఊరి యుమ్మడి ధర్మము. 1858లో మద్రాసు రాజధానికై చేయబడిన చట్టము ఈ కుడిమరామతును నిర్బంధశ్రమగ మార్చినది. నిర్బంధముచే చేసిన పనిని తనదిగ తలచువా డెవడు?

స్వరాజ్యము వచ్చిన పిదప త్రోవ కొంత మారినది. హనుమంతరావు సంఘపు నివేదిక (1994) ననుసరించి 1995లో అమలులోనికి వచ్చిన నిబంధనలు, సుమారు 500 హెక్టారుల పరీవాహకభూమి నొక్క యూనిటుగ నెంచి, దాని బాధ్యతను గ్రామసంఘమున కొప్పగించినవి. 1997 నాటి చట్టము ఆయకట్టు రైతులకు సంఘముల నిచ్చినది. అయినను ఆ సంఘములలో వోటు భూకమతము గలవారికే. గట్టుపై మట్టి మోయు కూలివానికి లేదు.

నీరు పల్లమునకు పాఱును. పై వాలున బీదవాడు వేసిన గట్టు దిగువ మాగాణి బావిలో నూటయగును. ఇది ప్రకృతిధర్మము. దిగువవాడు తన వంతు నియ్యకుండుట ప్రకృతిధర్మము కాదు.

కావున భూస్వాములకు మా మనవి యిది. సేవ యను పేర బీదలచే వెట్టి చేయింపకుడు. లాభపడు ప్రతి యకరమునకును వంతు వేసికొనుడు. కూలివానికి కూలి ముట్టజెప్పుడు. భూమిలేనివానికిని సంఘమున వోటు నిండు. జమాఖర్చులను రచ్చబండకడ చదివింపుడు. అన్నిటికంటె ముందు, చెఱువు శిఖమును, వాగు పోరంబోకును కలుపుకొన్నవారు వానిని విడువవలెను. 2024 సెప్టెంబరులో విజయవాడ పేటలను ముంచిన బుడమేరు పుట్టినది తిరువూరునకు దవ్వుగాని మైలవరపు కొండలలోనే. త్రోవ నిఱుకుచేసిన నీరు ఊరిపై బడునని ఆ వరద నేర్పినది.

కట్ట తెగినప్పుడు పాఱలు పట్టి పరుగెత్తువారు నేటికిని ప్రతి యూర గలరు. కట్ట తెగకమున్నే కూడి కూర్చుండువారు కావలెను. ఆ కూటమికి భూమిగలవారే ముందుగ పూనుకొనుట వారికి ధర్మము, లాభమును.