అమ్మకు సెలవెప్పుడు?

కనుమనాడు ఎద్దుకు కాడి వెయ్యం. కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఆ ఒక్కరోజూ కూర్చోబెట్టి మేపుతాం. తిరుమల వెంకన్నకైనా రాత్రి ఏకాంత సేవ చేసి తలుపులు వేస్తారు; మళ్లీ సుప్రభాతం పాడేదాకా, అది ఎంత కొద్దిసేపైనా సరే, ఆయన జోలికి వెళ్లరు. ఆఫీసు గుమాస్తాకు క్యాజువల్ లీవుంది. బడిపంతులుకు వేసవి సెలవులున్నాయి. మా వీధి చివర మంగలిషాపుకు కూడా వారానికో రోజు సెలవుంది.

మరి లేనిదెవరికండీ అంటే, మా పెద్దక్కలాంటి తల్లులకు.

అక్కకు అరవై ఆరు. ఆమె కొడుక్కి ముప్పై ఎనిమిది. సర్టిఫికెట్టులో మేధో వైకల్యం అని రాసి ఉంటుంది గానీ, మాకందరికీ వాడు చిన్నబాబే. మనిషి ఆరడుగులు. స్నానం చేయించాలి, గడ్డం గియ్యాలి, అన్నం కలిపి పెట్టాలి, గేటు తీసుకుని పోకుండా కనిపెట్టి ఉండాలి. పాలప్యాకెట్లు మాత్రం వాడే లోపలికి తెస్తాడు, అందులో ఇంకొకరు వేలు పెడితే ఒప్పుకోడు. బావగారు పోయి ఆరేళ్లయింది. అక్కకు కుడికంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషనుకు రమ్మని డాక్టరుగారు చెప్పి రెండేళ్లు దాటింది. "నేను కంటికి కట్టు కట్టుకుని పడుకుంటే వాణ్ణెవరు చూస్తార్రా?" అంటుంది. నాకూ అరవై దాటాయి, వాణ్ణి పట్టి ఆపే సత్తువ నాకూ లేదు. ఆ ప్రశ్నకు మా బంధుకోటిలో జవాబు చెప్పినవాడు లేడు, సలహా చెప్పనివాడూ లేడు.

మొదటి సలహా: "ఏదైనా హోములో చేర్పించెయ్యరాదూ?" చేర్పించెయ్యడమట, పాత పేపర్లు అమ్మేసినట్టు! ఆవిడకు కావలసింది పది రోజులు. వీళ్లు రాసిచ్చేది యావజ్జీవం. రెండో సలహా: "కన్నతల్లికి కష్టమేమిటమ్మా?" ఈ మాటనేవాళ్లు ఆదివారం ఒక్కపూట మనవణ్ణి చూసుకుని, సోమవారం నడుముకు మందు రాసుకునే రకం. మూడోది: "మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?" ఉన్నాయి మహాశయా! నాయనమ్మ, మేనత్త, భర్త పోయి పుట్టింటికి చేరిన మరొకావిడ, ఇలా నలుగురు ఆడవాళ్లు వంతులు వేసుకుని చూశారు. జీతం లేదు గనక మీ లెక్కలోకి రాలేదంతే. ఆ నలుగురి పనీ ఇప్పుడు ఒక్కరి నెత్తిన పడింది.

చట్టాలు లేవా అంటే, భేషుగ్గా ఉన్నాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. కుటుంబానికి ఆపద వచ్చినప్పుడు సేవలందించే సంస్థలకు తోడ్పడడం దాని లక్ష్యాల్లో ఒకటి. అంటే ముందు ఆపద రావాలన్నమాట! ఇంటిదగ్గరా, వసతిగృహాల్లోనూ రకరకాల సహాయం అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అంటుంది. కొద్దిరోజుల ఆశ్రయానికి 'సమర్థ్' అని ఒక పథకం పెట్టి, తర్వాత దాన్ని జీవితకాలపు ఆశ్రయమైన 'ఘరౌందా'తో కలిపేశారు. సెలవుచీటీనీ, రిటైర్మెంటు కాగితాన్నీ ఒకే పిన్నుతో గుచ్చినట్టుంది. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలైంది. కాదనను, దండం పెడతాను. కానీ ఆ నోట్లు చిన్నబాబుకు స్నానం చేయించవు కదా! పది రోజులకోసం ఏ తలుపు తట్టాలో చెప్పమంటే, అక్క ఉండే ఊళ్లో చెప్పగలిగిన ఆఫీసు ఒక్కటి లేదు.

"ఎవరి చేతుల్లో పెడతాం? కొడితే? ఆకలేసిందని చెప్పుకోలేడే" అని మీరంటారు. నిజమే, ఆ భయం న్యాయమైనదే. అందుకే ముక్కూమొహం తెలియనిచోట ఒక్కసారిగా వదిలెయ్యమనడం లేదు. మొదట ఒక మధ్యాహ్నం, తర్వాత ఒక రాత్రి, ఆపైన మూడు రోజులు. వెళ్లినప్పుడల్లా అదే ఆయా, అదే మంచం. పెరుగన్నం చివర్నే పెట్టాలి, దీపం ఆర్పకూడదు అని రాసుకున్న కాగితం ఒకటి. చెప్పకుండా వచ్చి చూసే హక్కు కన్నవాళ్లకూ, తనిఖీ చేసే బాధ్యత సర్కారుకూ ఉండాలి.

ఇదంతా తల్లి సుఖంకోసమే అనుకోకండి. మనం వేసవిలో అమ్మమ్మగారింటికి వెళ్లి నాలుగు కొత్త మొహాలు చూసి రాలేదూ? వాడికి మాత్రం ఆ నాలుగు రోజులు వద్దా? పైగా, ముప్పై ఎనిమిదేళ్లవాడికి తల్లి చెయ్యి తప్ప మరో చేతి ముద్ద తెలియకపోతే, ఆవిడ పోయిననాడు తల్లినీ, ఇంటినీ, మంచాన్నీ ఒక్కరోజే పోగొట్టుకుంటాడు. దానికంటె క్రూరమైన ఏర్పాటు ఎవరైనా కావాలని చెయ్యగలరా?

ఇంగ్లండులో 2014 నాటి చట్టం, చూసుకునేవాళ్ల అవసరాలను కూడా విడిగా అంచనా వెయ్యాలంది. మనం అంతదూరం పోనక్కర్లేదు. జిల్లాకు ఆరు మంచాల ఇల్లు ఒకటి, తర్ఫీదైన మనుషులు, ఏడాదికి పదిహేను రోజులు. అదీ ఆపద ముంచుకొచ్చాక కాదు, రాకముందే. దయతలచి కాదు, హక్కుగా. ఈసారి ఓటుకోసం చేతులు జోడించుకుని వచ్చే పెద్దమనిషిని ఇదొక్కటీ అడిగి చూడండి.

"తల్లిప్రేమకు కొలతలేమిటండీ?" అని ఆయన గొంతు వణికిస్తే కరిగిపోకండి. కొలవమన్నది ప్రేమను కాదు బాబూ, ఆవిడ నడుమును అని చెప్పండి.