అవార్డు అందిన రోజు నుంచే గడువు నడుస్తోంది

సరుకు అందలేదన్న వివాదం ఆర్బిట్రేటర్ దాకా వెళ్లి, ఆయన తీర్పు, అంటే అవార్డు, మీకు వ్యతిరేకంగా వచ్చిందా? అయితే వకీలును కలవడం వచ్చే నెలకు వాయిదా వేయకండి. గుంటూరు మిర్చి యార్డులోనైనా, వరంగల్ ఎనుమాముల మార్కెట్లోనైనా, ఆర్బిట్రేషన్‌ను పెద్దమనుషుల పంచాయితీగా చూసేవారు ఇంకా చాలామంది ఉన్నారు. ఇది పంచాయితీ కాదు. ఆ అవార్డును సివిల్ కోర్టు డిక్రీలాగే అమలు చేస్తారు. బ్యాంకు ఖాతా, గోదాములోని నిల్వ, ఇంటి స్థలం అన్నీ జప్తుకు రావచ్చు.

1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం, అవార్డు ప్రతి అందిన రోజు నుంచి మూడు నెలల్లోగా కోర్టులో సవాలు చేయాలి. తగిన కారణం చూపితే కోర్టు మరో 30 రోజులు ఇవ్వవచ్చు. ఆపై ఒక్క రోజు కూడా ఇవ్వడానికి వీల్లేదని పాపులర్ కన్‌స్ట్రక్షన్ కేసులో 2001లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మామూలు అప్పీళ్లలో ఆలస్యాన్ని మన్నించే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ ఇక్కడ పనిచేయదు. ఇంకా కఠినమైన సంగతి ఉంది. ఆ అదనపు 30 రోజులు ఢిల్లీ హైకోర్టు వేసవి సెలవుల్లో ముగియగా, ఒక కంపెనీ కోర్టు తెరిచిన రోజున, 2022 జులై 4న, పిటిషన్ వేసింది. గడువు దాటిపోయిందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తుది మాట చెప్పింది. అవార్డులో తప్పుందా లేదా అన్న ప్రశ్న దాకా ఆ కేసు వెళ్లనే లేదు.

పిటిషన్ వేశాం కదా అని నిశ్చింతగా ఉండటం మరో ప్రమాదం. 2015 సవరణకు ముందు పిటిషన్ వేస్తే అమలు దానంతటదే ఆగేది. ఇప్పుడు స్టే కోసం విడిగా దరఖాస్తు పెట్టాలి. డబ్బు చెల్లించాలన్న అవార్డైతే కోర్టు సాధారణంగా డిపాజిట్టో హామీయో అడుగుతుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ సాక్ష్యం దగ్గర తగులుతుంది. లారీ రాలేదు, వచ్చినా తూకం తక్కువుంది అని కోర్టులో మొదటిసారి చెబితే వినరు. 34వ సెక్షన్ కింద కోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూచదు. ఆర్బిట్రేటర్ కాంట్రాక్టు షరతును పక్కనపెట్టినా, అసలు ఆధారమే లేకుండా తేల్చినా, మీకు వాదించుకునే అవకాశం ఇవ్వకపోయినా కోర్టు జోక్యం చేసుకుంటుంది. మరో నిర్ణయం కూడా సాధ్యమే అన్నంత మాత్రాన జోక్యం చేసుకోదు. అందుకే లారీ రసీదు, కాటా చీటీ, ఈ-వే బిల్లు, గోదాము ఇన్‌వార్డు రిజిస్టరు పేజీ, సరుకు రాలేదని అప్పుడే పంపిన వాట్సాప్ సందేశం అన్నీ ఆర్బిట్రేటర్ ముందే దాఖలు కావాలి. నోటీసు తీసుకుని విచారణకు వెళ్లకపోతే మీరు లేకుండానే అవార్డు ఇచ్చే అధికారం ఆయనకు ఉంది. వెళ్లకపోవడాన్ని నిరసన అనుకునేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. చేతిలో ఉన్న కాగితాలన్నీ అక్కడితో వృథా అవుతాయి.

సరుకు అందలేదని మీరంటున్నా, పంపామని చెప్పే సరఫరాదారు నమోదైన చిన్న పరిశ్రమ అయితే మరింత జాగ్రత్త. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం కింద బకాయిల వివాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ద్వారా వచ్చిన అవార్డును కొనుగోలుదారు సవాలు చేయాలంటే అందులోని మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. బకాయి తేలితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ, అదీ నెలనెలా కలుస్తూ పెరుగుతుంది.

అవార్డు ఏ రోజు, ఎవరి చేతికి అందిందో ఇప్పుడే తేల్చుకోండి. ఆ రుజువును, ఒప్పందాన్ని, దస్త్రాలన్నిటినీ తీసుకుని వకీలు దగ్గరకు వెళ్లండి. సవాలు పిటిషన్, స్టే దరఖాస్తు రెండూ మూడు నెలల లోపే కోర్టులో పడేలా చూసుకోండి. ఆ 30 రోజులు మీ లెక్కలో లేవనే అనుకోండి.