రాజుగారికైనా పత్రమే రక్ష

2025 జులై 26న పూసపాటి అశోక్ గజపతిరాజు గోవా గవర్నర్‌గా ప్రమాణ స్వీకారం చేశారు. అంతకు కొద్ది రోజుల ముందే ఆయన తెలుగుదేశం పార్టీ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. 1978లో మొదలైన ఒక సుదీర్ఘ ఎన్నికల ప్రస్థానం ఆ విధంగా ముగిసింది. విజయనగరంలో నడివయసు దాటినవారిలో చాలామందికి ఊహ తెలిసిన నాటి నుంచి ఎమ్మెల్యే అంటే ఆయనే. మన ముస్లిం కుటుంబాలకూ అంతే.

ఈ సందర్భంలో ఆయనను పొగడడం గానీ, తెగడడం గానీ మా ఉద్దేశం కాదు. ఆ రెండు పనులకూ పార్టీలున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నూటికి ఒక్కరు కూడా లేని మన సముదాయం ఈ నలభై ఏడేళ్ల నుంచి ఏమి నేర్చుకోవాలన్నదే మా ప్రశ్న.

మొదట వాస్తవాలను గుర్తు చేసుకుందాం. సోషలిస్టు నాయకుడు పి.వి.జి. రాజు కుమారుడైన అశోక్ గజపతిరాజు 1978లో, ఇరవై ఆరేళ్ల వయసులో, జనతా పార్టీ అభ్యర్థిగా విజయనగరం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ ఏడాది రాష్ట్రంలో ఇందిరా కాంగ్రెస్ గాలి వీచింది. ఆ గాలికి ఎదురు నిలిచి గెలిచినవారిలో ఆయన ఒకరు. తరువాత తెలుగుదేశంలో చేరి 1983, 1985, 1989, 1994, 1999 ఎన్నికల్లో వరుసగా విజయం సాధించారు. 1989లో పార్టీ అధికారం కోల్పోయినా విజయనగరం ఆయనను వదలలేదు. 2004లో స్వతంత్ర అభ్యర్థి కోలగట్ల వీరభద్రస్వామి చేతిలో స్వల్ప తేడాతో ఓడిపోయారు. 2009లో తిరిగి గెలిచారు. ఏడు సార్లు శాసనసభ్యుడు. ఆర్థిక, రెవెన్యూ, వాణిజ్య పన్నులు, ఎక్సైజ్ వంటి శాఖలు చూసిన రాష్ట్ర మంత్రి. 2014లో లోక్‌సభకు ఎన్నికై కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. 2018 మార్చిలో ప్రత్యేక హోదా విషయంలో పార్టీ నిర్ణయం మేరకు ఆ పదవి వదులుకున్నారు. 2019లో బెల్లాన చంద్రశేఖర్ చేతిలో ఓడిపోయారు. 2024లో ఆయన పోటీకి దూరంగా ఉండగా, కుమార్తె అదితి విజయలక్ష్మి విజయనగరం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.

ఇంతకాలం పదవుల్లో ఉండి కూడా నిరాడంబరుడన్న పేరు నిలుపుకున్నవారు మన రాజకీయాల్లో అరుదు. ప్రత్యర్థులు సైతం ఆ మాటను కాదనరు. మేమూ కాదనం. అయితే ఒక వ్యక్తి మంచితనం ఒక సముదాయపు హక్కుకు పూచీ కాగలదా? ఇక్కడే మనం నిలిచి ఆలోచించాలి.

మన పెద్దలలో తరచు వినిపించే వాదం ఒకటున్నది. "మనం కొద్దిమందిమే గానీ, పోటీ గట్టిగా ఉన్నప్పుడు మన ఓట్లే గెలుపోటములను తేలుస్తాయి" అన్నదే ఆ వాదం. 2004 ఫలితాన్ని వారు ఉదాహరణగా చూపుతారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ స్వల్ప తేడాతో తేలిన ఎన్నికలో ప్రతి వీధీ, ప్రతి కులమూ, ప్రతి సంఘమూ "మా ఓట్లతోనే గెలిచారు" అని చెప్పుకోగలదు. అందరికీ బాకీ ఉన్న నాయకుడు నిజానికి ఎవరికీ బాకీ పడడు. ఇక 2024ను చూడండి. అదే విజయనగరంలో, అదే కోలగట్ల వీరభద్రస్వామిపై, అదితి గజపతిరాజు మెజారిటీ సుమారు 60 వేలు. ఇరవై ఏళ్ల క్రితం మన ఓట్లు తేల్చగలిగిన స్థానంలో ఇప్పుడు మన ఓట్లన్నీ తీసివేసినా ఫలితం మారదు. మెజారిటీ తక్కువైనప్పుడు పెరిగి, ఎక్కువైనప్పుడు తరిగిపోయేది హక్కు కాదు, బేరం. బేరానికి రోజులుంటాయి. హక్కుకు ఉండవు.

గుంటూరులోనో, కడపలోనో, కర్నూలులోనో ఉన్న మన సోదరుల స్థితి వేరు. 2024లో ఎన్నికైన 175 మంది శాసనసభ్యులలో ముస్లింలు ముగ్గురు. నంద్యాల, గుంటూరు తూర్పు, మదనపల్లె వారి స్థానాలు. సంఖ్యాబలం ఉన్న చోటనే ప్రాతినిధ్యం ఇంత పలుచగా ఉంటే, నాగావళి, వంశధార తీరాల్లో మనవాడొకడు గెలిచి మన మాట మాట్లాడతాడని ఎదురుచూడడం వృథా. ఇక్కడ మన ప్రతినిధి ఎప్పుడూ మరొక సముదాయం నుంచే వస్తారు. దానిలో తప్పు లేదు. ఆయన దగ్గరికి మనం ఎలా వెళుతున్నామన్నదే అసలు విషయం.

ఇంతకాలం ఎలా వెళ్లాం? విజయనగరం రాజకీయం చాలా ఏళ్లు అశోక్ బంగ్లా చుట్టూ తిరిగింది. మిగిలిన నియోజకవర్గాల్లో మరొక నాయకుడి ఇల్లు. పండుగ ముందు, ఎన్నికల ముందు, ఆపద వచ్చినప్పుడు మన పెద్దలు నలుగురూ కలిసి ఆ గుమ్మాల ముందు నిలిచారు. దండ వేసి, సమస్య చెప్పి, మాట తీసుకుని తిరిగివచ్చారు. కొన్ని పనులు అయ్యాయి కూడా. అయిన పనికి కృతజ్ఞత చెప్పాలి. కానీ నోటితో అడిగి నోటితో తెచ్చుకున్నది ఆ నోళ్లున్నంత కాలమే ఉంటుంది.

మాకు తెలిసిన ఒక ఊరున్నది. పేరు చెప్పము. ఖబరస్తాన్‌కు ప్రహరీ కట్టించమని అక్కడి పెద్దలు వరుసగా మూడు ఎన్నికల్లో అడిగారు. ఎవరూ కాదనలేదు. చివరకు నిధులు వచ్చే వేళకు సర్వే నంబరు ఏదని అడిగితే, తరతరాలుగా జనాజాలు మోసుకెళ్లిన ఆ నేల రికార్డుల్లో పోరంబోకు అని తేలింది. పోరంబోకుకు ప్రహరీ కట్టడం కుదరదన్నారు. అడిగిన మూడు సార్లలో ఒక్కసారైనా ఆ పెద్దలు ముందు తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఈ ప్రాంతంలో ఇటువంటి చిక్కులకు ఒక చారిత్రక కారణమున్నది. ఈ నేలతో మన బంధం పాతదే. 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల తరఫున చికాకోల్ ఫౌజ్‌దార్‌గా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో నేటికీ ఉన్నది. ఆయన పేరులోని 'షేర్'కు గౌరవంగానే బెబ్బులి అన్న పేరు పెట్టారని, అదే బొబ్బిలి అయిందని స్థానిక చరిత్ర చెబుతుంది. విజయనగరంలో ఖాదర్ వలీ బాబా దర్గాకు అన్ని మతాల వారూ వస్తారు. అయితే తరువాతి కాలంలో ఈ జిల్లాల భూమి ఎక్కువగా జమీందారీల కింద ఉండేది. మసీదుకో, దర్గాకో ఇచ్చిన నేల జమీందారు దయతో ఇచ్చిన ఇనాం. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి, కొత్త సర్వేలు జరిగాయి. ఆ సర్వే నాడు ఎవరు నిలబడి "ఇది మసీదు మాన్యం" అని రాయించుకున్నారో వారి భూమి నిలిచింది. రాయించుకోనివారిది వాడుకలో మాత్రమే మిగిలింది.

వాడుక ఒక్కటే చాలదని మనకు చెప్పడానికి అశోక్ గజపతిరాజు జీవితంలోని ఒక ఘట్టమే చాలు. ఆయన తండ్రి పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు స్థాపించి, విజయనగరం కోటను, వేల ఎకరాల భూమిని విద్యకు అంకితం చేశారు. 2016లో అన్న ఆనంద గజపతిరాజు మరణించాక అశోక్ గజపతిరాజు దానికి అధ్యక్షులయ్యారు. 2020 మార్చిలో నాటి ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో ఆయనను తొలగించి, ఆనంద గజపతిరాజు కుమార్తె సంచయితను ఆ స్థానంలో నియమించింది. ఏడు సార్లు ఎమ్మెల్యే, కేంద్ర మంత్రిగా చేసినవారు, ఆ కోట కట్టిన వంశంవారు. అయినా ఒక జీవో ఆయనను పక్కన పెట్టింది. ఆయనను తిరిగి నిలిపింది ఓట్లు కావు, అభిమానులు కారు. 2021 జూన్ 14న హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. అధ్యక్షులు ఎవరు కావాలో 1958 నాటి పత్రంలో రాసి ఉండడమే ఆ తీర్పుకు ఆధారం. ఆ పత్రంలో పురుష వారసత్వ నియమం న్యాయమా అన్నది వేరే చర్చ, అది జరగవలసిందే. మనకు కావలసిన పాఠం ఒక్కటే: రాజుగారికైనా ఆపదలో రక్ష పత్రమే.

రాజుగారికే అంత అవసరమైన పత్రం పది గడపల జమాఅత్‌కు ఎంత అవసరం! ముఖ్యంగా ఇప్పుడు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు 288–232 ఓట్లతో లోక్‌సభలో నెగ్గింది. తెలుగుదేశం దానిని బలపరిచింది. శ్రీకాకుళం, విజయనగరం లోక్‌సభ స్థానాలు రెండూ ఆ పార్టీవే. మన ఓట్లు అందుకున్నవారు, మన వేడుకలకు వచ్చినవారు మనకు ప్రాణప్రదమైన విషయంలో పార్టీ గీసిన గీత దాటలేదు. ఈ బాధను దాచుకోనక్కరలేదు. మర్యాదగా, బహిరంగంగా వారికి చెప్పవలసిందే. కానీ బాధతో పని జరగదు. ఆ చట్టం ఇకపై వాడుక ద్వారా ఏర్పడే వక్ఫ్‌ను గుర్తించదు. అప్పటికే నమోదై, వివాదంలో గానీ ప్రభుత్వ భూమి అన్న వాదంలో గానీ లేనివి మాత్రం కొనసాగుతాయి. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కలెక్టరు అధికారాలకు సంబంధించిన కొన్ని సెక్షన్లను నిలిపివేసింది గానీ నమోదు నిబంధనను నిలిపివేయలేదు. ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించడానికి ఇచ్చిన ఆరు నెలల గడువును పెంచడానికీ ఒప్పుకోలేదు. అవసరమైనవారు వక్ఫ్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలన్నది. అంటే నమోదైనదానికీ కానిదానికీ మధ్య దూరం ఇంతకు ముందెన్నడూ ఇంత లేదు.

చట్టం దయకంటే ఎంత గట్టిదో మన అనుభవంలోనే మరొక సాక్ష్యమున్నది. 2007లో బి.సి.–ఇ కింద 14 ముస్లిం వర్గాలకు విద్య, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ చట్టంగా వచ్చింది. ఆ శాసనసభలో అశోక్ గజపతిరాజు సభ్యులే కారు. హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినా, 2010 మార్చి నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రం రెండయింది. ఆ వర్గాలకు చెందిన పాలకొండ పిల్లవాడైనా, సాలూరు పిల్లయినా ఆ సీటు కోసం ఏ గుమ్మం ముందూ నిలబడనక్కరలేదు. కుల ధ్రువపత్రం చేతిలో ఉంటే చాలు. దయకూ హక్కుకూ తేడా ఇదే.

నాయకుల దగ్గరికి వెళ్లవద్దని మేము అనడం లేదు. వెళ్లే పద్ధతి మార్చుకోమంటున్నాం. దండతో కాక దస్త్రంతో వెళ్లండి. నోటిమాట కాక రాతపూర్వక వినతి ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. శాసనసభలో ప్రశ్న అడగమని, మైనారిటీల సంక్షేమ కమిటీ ముందు విషయం పెట్టమని కోరండి. అడిగింది చేసినవారిని పార్టీ చూడకుండా అభినందించండి. చేయనివారిని అదే కాగితం చూపి మర్యాదగా నిలదీయండి. అధికార పక్షానికి ఇచ్చిన నకలు ప్రతిపక్షానికీ ఇవ్వండి. అప్పుడు మెజారిటీ అరవై వేలైనా, అరవై ఓట్లైనా మన కాగితం విలువ మారదు.

దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు. అల్ బఖరా సూరాలోని ఆ 282వ ఆయత్ అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకొమ్మని, సాక్షులను నిలుపుకొమ్మని విశ్వాసులను ఆదేశిస్తుంది. చిన్న మొత్తమైనా రాయడానికి బద్ధకించవద్దని చెబుతుంది. ఇద్దరి మధ్య అప్పుకే అంత జాగ్రత్త విధిగా ఉంటే, అల్లాహ్ పేరిట వదిలిన నేల విషయంలో మన ఉపేక్షకు రేపు ఏమని జవాబు చెబుతాం?

వచ్చే జుమా నమాజు తరువాత ప్రతి మసీదు కమిటీ ఒక గంట ఆగాలని కోరుతున్నాం. మసీదు బీరువా తెరవండి. ఉన్న కాగితాలు చదివి వినిపించండి. మసీదు, ఖబరస్తాన్, ఈద్‌గాహ్ ఒక్కొక్కదానికి సర్వే నంబరు, విస్తీర్ణం, రెవెన్యూ రికార్డులో ఎవరి పేరున్నదీ, వక్ఫ్ గజిట్‌లో ఉన్నదీ లేనిదీ, పోర్టల్‌లో ఎక్కినదీ ఎక్కనిదీ ఒక పుస్తకంలో రాయండి. లేనివాటి కోసం ఎవరు, ఏ రోజు, ఏ కార్యాలయానికి వెళతారో అక్కడే తేల్చండి. చదువుకున్న మన అమ్మాయిలకు, అబ్బాయిలకు ఈ పని అప్పగించండి. ఆ పుస్తకం సిద్ధమైన తరువాత ఎమ్మెల్యే ఇంటికి వెళ్లండి. అప్పుడు ఆ గుమ్మంలో నిలబడేది అర్థి కాదు, పౌరుడు.