కంప్యూటరు: కొనుటయా, కూర్చుకొనుటయా?

ఆటలాడుటకు తగిన కంప్యూటరును సంపాదింపగోరు బాలబాలికల యెదుట రెండు మార్గములు గలవు. అంగడిలో సిద్ధముగ నున్న పెట్టెను కొని తెచ్చుకొనుట యొకటి. భాగములను వేరువేరుగ కొని యింటియొద్ద కూర్చుకొనుట రెండవది. ధనవంతుల కీ విచారము లేదు. 50,000 రూపాయలలో పని ముగింపవలసిన కుటుంబమునకే యిది పెద్ద ప్రశ్న. ఆ సొమ్ము తల్లిదండ్రులు నెలల తరబడి కూడబెట్టినదై యుండును. అందు ప్రతి రూపాయియు నెచ్చటికి పోవుచున్నదో తెలిసికొనుట మీ విధి.

నా యభిప్రాయమును ముందే చెప్పెదను. వీలున్నచో కూర్చుకొనుటయే మేలు. డబ్బు మిగులును గాన కూర్చుకొనవలెనని పలువు రందురు. అది యెల్లప్పుడును నిజము కాదు. 2021లో గ్రాఫిక్స్ కార్డులకు కరవు వచ్చి, విడిగ కొనబోయినవారు అసలు ధరకంటె నెంతయో హెచ్చు పెట్టవలసి వచ్చెను. ఆ కార్డు నమర్చిన సిద్ధమైన పెట్టెయే కొందరికి చౌకపడినది. 2025 చివర మెమరీ ధరలు పైకెగసినవి. ఇట్టి రోజులలో పాత ధర భాగములతో కూర్చి యుంచిన పెట్టె దొరకినచో లాభమే.

మరి కూర్చుకొనుటలోని మేలేమి? పూర్వము మన పల్లెలలో రైతు ఎడ్లబండి చేయించుకొనునప్పుడు కర్రను తానే యెంచి కొనెడివాడు. వడ్రంగి చేయుచుండగా ప్రక్కన కూర్చుండి చూచెడివాడు. బండి దారిలో కిర్రుమన్నచో ఎక్కడ చూడవలెనో వాని కొకరు చెప్పనక్కరలేదు. మూసిన పెట్టెను కొన్నవాని కీ యెరుక కలుగదు.

అంగడి ప్రకటనలలో ప్రాసెసరు పేరును, గ్రాఫిక్స్ కార్డు పేరును పెద్ద యక్షరములతో వ్రాయుదురు. పవర్ సప్లై పేరు వ్రాయుట యరుదు. అమ్మువాడు పొదుపు చేయు చోటు తరచుగ నదియే. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగ మార్చి భాగములన్నిటికిని పంచునది యిదే కదా! ఇది నాసిరకపుదైనచో, ఆట ముమ్మరమై భారము పడగనే యంత్రము ఆగిపోవును. ఒక్కొక్కప్పుడు తనతోబాటు ఖరీదైన భాగములను గూడ పాడుచేయును. మన యూళ్ళలో వోల్టేజి హెచ్చుతగ్గుల సంగతి మీకు చెప్పవలెనా? మెమరీ విషయమును ఇట్టిదే. 16 జి.బి. యని చెప్పి ఒకే స్టిక్కు నమర్తురు. 8 జి.బి. స్టిక్కులు రెండుంచినచో ప్రాసెసరునకు ఒక దారికి బదులు రెండు దారులు తెరచినట్లగును.

మరియొక చిక్కు గలదు. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతలను ప్రకటించినది. అందుచేతనే ఒకరు చేసిన మదర్ బోర్డు మరియొకరు చేసిన పెట్టెలో నిముడుచున్నది. కాని కొన్ని పెద్ద సంస్థలు తమ సిద్ధమైన యంత్రములలో సొంత కొలతల భాగములను వాడుచున్నవి. అవి చెడినచో బజారులో దొరకు భాగము వానికి పట్టదు.

కూర్చుకొనువాడు అన్నియు నొక్కసారిగ కొననక్కరలేదు. రైజెన్ 5 5600జి వంటి ప్రాసెసరులలో బొమ్మలను చూపు శక్తి లోపలనే గలదు. దానితో నేడు తేలికైన ఆటలాడుకొని, మరుసటి యేడు సొమ్ము కూడినప్పుడు గ్రాఫిక్స్ కార్డు చేర్చుకొనవచ్చును. అంతవరకు అది ప్రధాన మెమరీనే బొమ్మలకును వాడుకొనును గనుక రెండు స్టిక్కులుండుట మరింత యవసరము. పవర్ సప్లైని మాత్రము రేపటి కార్డును దృష్టియందుంచుకొని మొదటనే మంచిది కొనవలెను.

చేతులతో కూర్చు పనికి భయపడకుడు. 1975లో అమెరికాలో ఆల్టెయిర్ 8800 అను కంప్యూటరును విడిభాగములుగ అమ్మిరి. కొన్నవారు తామే టంకము వేసి కూర్చుకొనిరి. నేడు ఒక స్క్రూడ్రైవరు చాలును. ప్రాసెసరు మూలనున్న చిన్న త్రిభుజపు గుర్తును మదర్ బోర్డు మీది గుర్తుతో సరిచూచి యుంచినచో తనంతనే కుదురుకొనును. బలము చూపినచో సూదులు వంగును. పని కుపక్రమించుటకు ముందు లోహమును తాకి దేహమునందలి స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. పవర్ సప్లై డబ్బాను ఎన్నడును విప్పరాదు. తీగను గోడనుండి తీసిన పిదపను దాని కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును.

ఎదుటి పక్షమున బలమైన వాద మొకటి గలదు. సిద్ధమైన యంత్రము చెడినచో అడుగుట కొక్కరే యుందురు. విడిభాగములలో ఒక్కొక్కదాని కొక్కొక్క వారంటీ. లోప మెందున్నదో కొన్నవాడే కనుగొనవలెను. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు చెంత నివసించువానికి ఇది పెద్ద పని కాదు. ఆదిలాబాదు జిల్లాలోని మారుమూల పల్లెవానికి ప్రతి లోపమునకును పట్టణ ప్రయాణమే. అట్టివాడు సిద్ధమైన దానినే కొనుట తెలివి. మనమెంచిన భాగములనే స్వల్ప రుసుము తీసికొని కూర్చి యిచ్చు అంగళ్ళును గలవు. అట్లు చేయించుకొన్నచో ప్రక్కన నిలుచుండి చూడవలెను. సిద్ధమైన పెట్టె కొనువారు పవర్ సప్లై చేసినవారి పేరు, దాని వాట్లు, మెమరీ స్టిక్కుల సంఖ్య, మదర్ బోర్డు నమూనా, ఈ నాలుగింటిని బిల్లుమీద వ్రాసి యిమ్మని యడుగవలెను. వ్రాయనొల్లని అంగడివాని కొక నమస్కారము పెట్టి, ప్రక్క అంగడికి పోవలెను.